కాంక్రీటుకు ఐసు ఉంది.. మన చేపకే లేదు

పోయిన నెల సెలవు రోజు సాయంత్రం మా క్యాంపు వెనకాల పొగ లేచింది. ఏదో అంటుకుందేమో అని పరుగెత్తుకుంటూ వెళ్లాను. తీరా చూస్తే అగ్ని ప్రమాదం కాదు, వంట. సగానికి కోసిన ఇనప డ్రమ్ము, దాని మీద ఇనప జాలీ, జాలీ మీద వరసగా పసుపు, కారం పట్టించిన చేపలు. చుట్టూ మనవాళ్లు పది పన్నెండు మంది. ఎక్కువ మంది జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు, ఇద్దరు శ్రీకాకుళం కుర్రాళ్లు. వాసన బాగానే ఉంది, అబద్ధం చెప్పను. కానీ డ్రమ్ములో మండుతున్నది చూసి గుండె ఝల్లుమంది. సెంట్రింగ్ ప్లైవుడ్ ముక్కలు! షట్టరింగ్ ఆయిల్ తాగి తాగి నల్లబడ్డ చెక్కలు, మేకులతో సహా మండుతున్నాయి.

"అన్నా, ఇదేం కట్టె? దీని మీద కాల్చింది తినొచ్చా?" అని అందరిలో పెద్దాయనను అడిగాను.

"ఏమైతది సార్, కట్టె కట్టెనే గద. పొగ వట్టిన చాప ఖరాబ్ గాదు. రేపు డ్యూటీకి డబ్బల ఏసుకపోతం" అన్నాడాయన.

ఆయన మాటలో సగం నిజం ఉంది. ఆ సగం నిజంతోనే చిక్కు. నేను డాక్టరునీ కాను, ఫుడ్ ఇన్‌స్పెక్టరునీ కాను. సివిల్ డిప్లొమా చదివి దుబాయ్‌లో సైటు సూపర్‌వైజరుగా పనిచేస్తున్నవాణ్ణి. అయితే ఆ ప్లైవుడ్ దేంతో తయారవుతుందో నాకు తెలుసు. ఉప్పాడ తీరంలో చేపలు ఎండబెట్టే ఇంట్లో పెరిగాను కాబట్టి చేప ఎలా నిలవ ఉంటుందో, ఎలా పాడవుతుందో కూడా కొంత తెలుసు. అందుకే రాస్తున్నాను.

చేపకు పొగ పట్టించడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. సరిగ్గా చేస్తే పొగ పనిచేస్తుంది కూడా. వేడికి చేపలో నీరు ఇగిరిపోతుంది. ముందే పట్టించిన ఉప్పు మిగిలిన నీటిని క్రిములకు దక్కనివ్వదు. పొగలో ఉండే ఫినాల్స్, ఆమ్లాలు, ఫార్మాల్డిహైడ్ పైపొరకు పట్టి క్రిములను పెరగనివ్వవు. అవునండీ, ఫార్మాల్డిహైడే. శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్‌లో ఉండేది అదే. మంచి కట్టె పొగలోనూ అది కొద్దిగా ఉంటుంది.

లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవిలో సూర చేపను ముక్కలు కోసి, ఉడకబెట్టి, పొగబెట్టి, తర్వాత ఎండబెడతారు. 'మాస్' అంటారు దాన్ని. రాయిలా గట్టిగా ఉంటుంది, నెలల తరబడి చెడదు. కానీ చూడండి, అక్కడ పొగ ఒక్కటే పని చెయ్యడం లేదు. ఉడకబెట్టడం ఉంది, ఉప్పుంది, రోజుల తరబడి ఎండ ఉంది. మా క్యాంపు వెనకాల అరగంట పొగలో కాల్చిన చేప పైన నల్లగా ఉన్నా లోపల పచ్చిచేప అంత తడిగానే ఉంటుంది. దాన్ని డబ్బాలో పెట్టి 45 డిగ్రీల ఎండలో మధ్యాహ్నం దాకా ఉంచితే మామూలు కూర పాడైనట్టే పాడవుతుంది. పొగ రంగు వచ్చింది, పొగ రుచి వచ్చింది, నిలవ గుణం మాత్రం రాలేదు. పెద్దాయన మాటలో నిజం కాని సగం ఇదే.

ఇక కట్టె సంగతి. శుభ్రమైన కట్టె పొగలో కూడా బెంజోపైరీన్ లాంటి కేన్సర్ కారకాలు ఉంటాయి. చేప కొవ్వు నిప్పుల మీద కారి మండితే ఇంకా పెరుగుతాయి. అందుకే యూరప్ దేశాలు పొగబెట్టిన చేపలో బెంజోపైరీన్ కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ఉన్న హద్దును 2014 సెప్టెంబరు నుంచి 2కు తగ్గించాయి. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. మంచి కట్టెతో, మంచి పొగ గదుల్లో చేసే వాళ్లకే అంత కట్టుబాటు!

మరి మనం కాలుస్తున్నదేమిటి? సెంట్రింగ్ ప్లై పొరలను అతికించే జిగురు ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెసిన్. పైన నిగనిగలాడే పొర కూడా అదే రెసిన్‌లో ముంచిన కాగితం. దాని మీద పోసిన షట్టరింగ్ ఆయిల్ చాలాసార్లు పెట్రోలియం నూనే. అంచులకు పెయింటు. కొన్ని కలపలు పచ్చటి ఛాయలో ఉంటాయి, చెదలు పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు ఎక్కించినవి. వాటిని కాలిస్తే ఆర్సెనిక్ పొగలోకీ బూడిదలోకీ వస్తుంది. మంట త్వరగా అంటుకోవాలని ఎవరో ఒకరు కేబుల్ ముక్కో పీవీసీ పైపు ముక్కో కూడా వేస్తారు. ఆ పొగ గొంతులోకి వెళ్తే ఏమవుతుందో సైటులో ఒక్కసారి పీల్చినవాడికి చెప్పక్కర్లేదు. ఆ పొగనే చేపకు పట్టించి, నిమ్మకాయ పిండుకుని తింటున్నాం.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ స్క్రాపు గేటు దాటడానికి సంతకం పెట్టింది నేనే. స్కిప్పులో చెత్త తగ్గుతుంది, మనవాళ్లకు ఏ అలమారు చేసుకోవడానికో పనికొస్తుంది అనుకున్నాను. వంటచెరకు అవుతుందని ఆలోచించలేదు. ఆ రోజు నుంచి సంతకం మానేశాను.

మందుల సంగతికి వస్తా. క్యాంపులో చేప మాట ఎత్తితే చాలు, "ఫార్మలిన్ కొడతారంట కదా" అంటారు. ఈ భయం ఊరికే రాలేదు. 2018 జూన్‌లో కేరళ అధికారులు 'ఆపరేషన్ సాగర్ రాణి' పేరుతో చేసిన తనిఖీల్లో ఫార్మలిన్ కలిపిన చేపలు వేల కిలోలు పట్టుబడ్డాయి. ఆ మరుసటి నెలలో అస్సాం మన ఆంధ్రా చేపను పది రోజులు ఆపింది. గోవా బయటి రాష్ట్రాల చేపను ఆపింది. 2019 జనవరిలో పాట్నాలోనూ ఆంధ్రా చేప అమ్మకం కొన్నాళ్లు ఆగింది. మన రాష్ట్రం వాళ్లు ఆ ఆరోపణ ఒప్పుకోలేదు. కైకలూరు, ఆకివీడు, భీమవరం చెరువుల మీద బతికే రైతులకు, పట్టుబడి కూలీలకు, లారీ డ్రైవర్లకు మాత్రం ఆ దెబ్బ తగిలింది.

ఫార్మలిన్ మంచిదని నేను అనడం లేదు. నీళ్లలో సుమారు 37 నుంచి 40 శాతం దాకా ఫార్మాల్డిహైడ్ కలిపితే అది ఫార్మలిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మనిషికి కేన్సర్ తెచ్చే వాటిలో 2004లోనే చేర్చింది. ముఖ్యంగా దాన్ని పీల్చేవాళ్ల గురించి ఆ మాట చెప్పారు. మన దేశంలో చేపల్లో దాన్ని కలపడానికి అనుమతి లేదు. కలిపినవాణ్ణి జైల్లో పెట్టాలి, అందులో రెండో మాట లేదు. అయితే సముద్రపు చేపలు కొన్నింట్లో, చచ్చిన తర్వాత, ఎవరూ కలపకుండానే ఫార్మాల్డిహైడ్ కొంత పుడుతుంది. అందుకని పరీక్షలో కనబడగానే దొంగ దొరికాడు అనడానికి లేదు, ఎంత ఉందో చూడాలి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వాళ్లు నిమిషాల్లో తేల్చే కాగితపు పట్టీల కిట్టు తయారుచేశారు. అలాంటివి వాడాలి గానీ "ఈగ వాలలేదు కాబట్టి మందు కొట్టారు, వాలింది కాబట్టి మంచిది" అనే లెక్కలు పనికిరావు. ఈగ వాలిన చేప మంచిదని ఎవరు చెప్పారో నాకర్థం కాదు.

అసలు ఆ మందు ఎందుకు కొడతారు? బొచ్చె, శీలావతి చెరువులో పట్టి, ఐసు దిమ్మలు చితక్కొట్టి, పెట్టెల్లో వరసలు వరసలుగా సర్ది గువాహటికి పంపాలంటే రెండు వేల కిలోమీటర్ల పైమాటే. మన లాంటి ఎండ దేశంలో కిలో చేపకు కిలో ఐసు వెయ్యాలి. దారిలో కరిగితే మళ్లీ వెయ్యాలి. ఐసుకు డబ్బు, ఐసు బరువుకు కిరాయి. ఆ ఖర్చు మిగుల్చుకోవాలనుకునే వాడికి సీసాలో మందు చవగ్గా కనబడుతుంది. మా తీరంలోనూ ఇంతే. చిన్నప్పుడు ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ రాకపోతే మా పిన్ని వాళ్ల నెత్తళ్లు, సావళ్లు కుప్పలోనే పురుగు పట్టేవి. అప్పుడు ఒక వ్యాపారి వచ్చి గమాక్సిన్ పొడి చల్లుకుని బస్తాలు కట్టుకుపోవడం నా కళ్లతో చూశాను. చీమలకు చల్లే మందు! ఆ మందును మన దేశంలో 1997లో నిషేధించారు. పిన్ని దగ్గర ఒక రేకుల షెడ్డో, చేప ఆరేసుకోవడానికి ఎత్తైన తడికలో ఉంటే వ్యాపారికి ఆ పొడి అవసరమే పడేది కాదు. ఐసో, షెడ్డో, కరెంటో ఉండాల్సిన చోట లేకపోతే అక్కడికి మందు వస్తుంది.

సెలవు నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో పచ్చళ్ల పక్కన ఎండు చేపల పొట్లం ఉండనే ఉంటుంది. ఉప్పుచేప, పప్పుచారు లేని శుక్రవారం శుక్రవారమే కాదు నాకు. (ఎదుటివాడి పొట్లం మీరే విప్పి చూసి, మీరే కట్టుకోండి. చేపల మధ్య ఇంకేదో పెట్టి పంపితే ఇక్కడ జైలుకు పోయేది మీరు.) ఉప్పుచేప మీద గులాబీ రంగు జిగురు మచ్చలు కనబడితే అది ఉప్పులో బతికే క్రిముల పని, పారెయ్యండి. వచ్చాక గాలి తగలని డబ్బాలో, వీలైతే ఫ్రిజ్‌లో పెట్టండి. చెమ్మ తగిలిన ఎండు చేప ఎండు చేప కాదు.

ఇక్కడి సూపర్ మార్కెట్లలో దొరికే పొగ చేపల ప్యాకెట్లు, గడ్డకట్టిన రొయ్యల ప్యాకెట్లు తిరగేసి చూడండి. ఇ-220 నుంచి ఇ-228 దాకా ఉన్న నంబర్లు సల్ఫైటులు. రొయ్య తల నల్లబడకుండా వేస్తారు. హద్దులో ఉంటే అందరికీ ఏమీ కాదు గానీ ఆస్తమా ఉన్నవాళ్లకు ఆయాసం రావచ్చు. సిమెంటు దుమ్ములో పనిచేసే మనవాళ్లలో ఆయాసం ఉన్నవాళ్లు తక్కువేం లేరు కాబట్టి చెబుతున్నా. ఇ-451, ఇ-452 ఫాస్ఫేటులు, నీరు పట్టి ఉంచుతాయి. అంటే మీరు కొన్న బరువులో కొంత నీళ్లే. ఎర్రగా నిగనిగలాడే ట్యూనా ముక్కలకు కార్బన్ మోనాక్సైడ్ పట్టించి ఉండొచ్చు. ముక్క ముసలిదైనా రంగు మారదు. యూరప్‌లో దాన్ని ఒప్పుకోరు.

కానీ మా క్యాంపులో ఆరుగురిని ఆస్పత్రి పాలు చేసింది వీటిలో ఏదీ కాదు.

రెండేళ్ల కింద ఆగస్టు నెల. ఒక గదిలో ఆరుగురు చందా వేసుకుని పొద్దున్నే దేరాలో ఉన్న వాటర్‌ఫ్రంట్ మార్కెట్‌కు వెళ్లి కానగంతలు కొన్నారు. మంచి చేప, కళ్లు మెరుస్తున్నాయి. అక్కడి నుంచి ఒక బంధువును చూడ్డానికి వెళ్లారు. సంచి కారు డిక్కీలో ఉంది. సాయంత్రం నాలుగింటికి వచ్చి కూర వండారు. పులుసు బాగా మరిగింది, వాసన కూడా ఏం తేడా రాలేదంట. తిన్న అరగంటలో ఒకడి ముఖం ఎర్రగా కందిపోయింది. తర్వాత ఇంకొకడు. ఒళ్లంతా దురద, తల పగిలిపోతోందని ఒకడు, గుండె దడదడలాడుతోందని ఇంకొకడు, విరేచనాలు. నన్ను పిలిచారు. నేను చూసేసరికి ఆరుగురి ముఖాలూ మందారాల్లా ఉన్నాయి. పోతారనే అనుకున్నాను.

క్లినిక్‌లో డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి, ఏం చేప తిన్నారు, ఎంతసేపు బయట ఉంది అని ఆ రెండే అడిగారు. కానగంతలు, కవళ్లు, సూర లాంటి చేపల మాంసంలో హిస్టిడిన్ అని ఒకటి ఎక్కువ. వేడిలో ఉంచితే క్రిములు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. ఒకసారి హిస్టమిన్ పుట్టిందంటే మరగబెట్టినా పోదు, ఫ్రీజ్ చేసినా పోదు, పొగబెట్టినా పోదు. చేప కుళ్లిన వాసన రాకముందే పుట్టొచ్చు. ఆపే దారి ఒక్కటే, చచ్చినప్పటి నుంచి పొయ్యెక్కే దాకా చేపను 4 డిగ్రీల లోపు చల్లగా ఉంచడం. ఆ ఆరుగురిలో ఒకడు ఇప్పటికీ "నాకు చేప పడదు సార్" అని మానేశాడు. పడకపోవడం కాదు తమ్ముడూ, తిన్న ఆరుగురికీ ఒకేసారి ఎలర్జీ ఎలా వస్తుంది? ఇంకొకడు "మార్కెట్‌వాడు మందు కొట్టాడు" అంటాడు. ఆ అమ్మినవాడి తప్పేం లేదు. చేపకు ఎవడూ ఏమీ కలపలేదు. డిక్కీలో ఐసు లేకుండా ఆరు గంటలు ఉంది, అంతే.

ఉప్పు, పొగ ఉన్నాయి కదా అని ధీమా పడటానికీ లేదు. మా సైటులో ఈజిప్టు ఫోర్‌మన్లు వసంత పండుగకు ఫెసీఖ్ అనే ఉప్పు చేప తింటారు. 1991లో కైరోలో అలాంటి చేప తిని బొటులిజం వచ్చి 91 మంది ఆస్పత్రిలో చేరారు, 18 మంది చనిపోయారు. చేపను ముందు మెత్తబడనిచ్చి తర్వాత ఉప్పులో వెయ్యడం వాళ్ల పద్ధతి. గాలి తగలని చోట, ఉప్పు సరిపడా ఎక్కని చోట, చల్లదనం లేని చోట ఆ క్రిమి విషం పుట్టిస్తుంది. గాలి తీసేసిన ప్యాకెట్లో వచ్చే పొగ చేపకూ ఇదే వర్తిస్తుంది. ప్యాకెట్ మీద ఫ్రిజ్‌లో పెట్టమని రాసి ఉంటే పెట్టాల్సిందే, బీరువాలో దాచకూడదు.

ఇప్పుడు అసలు మాట. ఎండాకాలంలో మా సైటుకు వచ్చే కాంక్రీటులో నీళ్లకు బదులు కొంత ఐసు వేసి కలుపుతారు, తెలుసు కదా. లారీ గేటు దగ్గరికి రాగానే థర్మామీటర్ గుచ్చి చూస్తాను. మా స్పెసిఫికేషన్ ప్రకారం 32 డిగ్రీలు దాటితే లారీని వెనక్కి పంపుతాను. ఎవరూ నన్ను ఎందుకని అడగరు. కాంక్రీటు పాడైతే బిల్డింగు పాడవుతుందని కంపెనీకి తెలుసు, కాబట్టి ఐసుకు డబ్బు పెడుతుంది. ఆ కాంక్రీటు పోసే మనిషి తినే చేపకు ఐసు ఎవరు పెట్టాలి? మా ఫ్లోరులో నలభై మందికి రెండు ఫ్రిజ్‌లు. ఒకటి మూడు నెలలుగా నీళ్లు కారుస్తోంది. రెండోదాని తలుపు పది నిమిషాలకోసారి తెరుస్తూనే ఉంటారు, దాంట్లో 4 డిగ్రీలు ఎక్కడ నిలుస్తాయి? రెండు డీప్ ఫ్రీజర్లు, బొగ్గు మీద కాల్చుకోవడానికి ఒక సిమెంటు గట్టు కావాలని నేను కాగితం పెట్టి ఏడాది దాటింది. బడ్జెట్‌లో లేదని ఒక్క ముక్క రాసి పంపారు. ఆ ఆరుగురి క్లినిక్ ఖర్చు, వాళ్లు పోగొట్టుకున్న డ్యూటీలు కలిపితే ఒక ఫ్రీజర్ వచ్చేదేమో, ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు.

అందరూ కంపెనీ ఇచ్చేదాకా చేప మానెయ్యమని నేను చెప్పను, నేనూ మానను. చేప కొనడం చివర పెట్టుకోండి, అన్ని పనులూ అయ్యాక కొనండి. థర్మాకోల్ పెట్టె ఒకటి కొనండి, గదికి ఒకటి చాలు. చేప ఎంత బరువో ఐసు అంత వేయించుకోండి. మార్కెట్లోనే పేగులు తీయించి శుభ్రం చేయించుకోండి. వండింది ఆ పూటే తినండి. రేపటి డబ్బాకు చేప కాకుండా పప్పు పట్టుకుపోండి. మన పక్కనే అరబ్బులు మాలెహ్ అని చేపను ఉప్పులో ఊరబెట్టుకుంటారు, ఎంత ఉప్పు వేస్తారో ఒకసారి చూడండి, చిటికెడు కాదు. కాల్చుకోవాలంటే కొనుక్కొచ్చిన బొగ్గు, అదీ మంట తగ్గి నిప్పులు తెల్లబడ్డాక. సెంట్రింగ్ చెక్క మాత్రం వద్దు, పెయింటు చెక్క వద్దు, ప్యాలెట్ చెక్క కూడా దేనికి ఏ మందు కొట్టారో తెలియనప్పుడు వద్దు.

ఆ రోజు డ్రమ్ములో చేపలన్నీ పారబోయిస్తే నా మీద కోపం వచ్చింది అందరికీ. నలభై దిర్హముల చేప పోయిందని ఒకడు రెండు రోజులు మాట్లాడలేదు. పెద్దాయన మాత్రం మర్నాడు నా గదికి వచ్చి కూర్చున్నాడు. "మరి బొగ్గులెవరు కొనాలె సార్, ఫ్రీజర్ ఎవరు కొనాలె?" అని అడిగాడు. జవాబు నా దగ్గర లేదు. చివరికి మనిషికి పది దిర్హములు వేసుకుని సెకండ్ హ్యాండ్ ఫ్రీజర్ ఒకటి తెచ్చాం, తక్కువ పడింది నేను కలిపాను. పాతదే గానీ చల్లబడుతోంది. క్యాంపు బాసు మాత్రం కారిడార్‌లో ప్లగ్గు ఇవ్వనంటున్నాడు, లోడు ఎక్కువవుతుందట. ఎలక్ట్రీషియన్‌తో లోడు లెక్క రాయించి పెట్టుకున్నాను. ఈ ఆదివారం మళ్లీ వెళ్లి అడుగుతాను.